కొండగడ్డిలో క్రోమోసోముల లెక్క

గడ్డిపోచ యన్నచో మన భాషలో చులకనకు మారుపేరు. ఎవరినైనను లక్ష్యపెట్టకున్నచో గడ్డిపోచవలె తీసివేసినాడందుము. కాని వృక్షశాస్త్రజ్ఞులు గడ్డికుటుంబమని పిలుచు ఇంటిలో మనము రెండుపూటల తిను వరి యున్నది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, గోధుమ లున్నవి. చెరకును వెదురును గూడ ఆ యింటి బిడ్డలే. మానవజాతి ఆకలి తీర్చుటలో ఇంత బరువు మోసిన మొక్కల కుటుంబము వేరొకటి లేదు.

అయితే ఇప్పుడు చెప్పబోవునది పంటగడ్డిని గూర్చి కాదు. మంచుకొండల వాలులమీద పశువులును గొర్రెలును మేయు కొన్ని అడవిగడ్డి జాతుల కడుపులో దాగిన యొక విచిత్రమైన లెక్కను గూర్చి. ఆ లెక్క మొదట శాస్త్రజ్ఞులకు తలనొప్పి తెచ్చినది. పిమ్మట జాతి యనగా నేమి, విత్తన మనగా నేమి యను ప్రశ్నలనే మరల వేసికొనవలసిన యవసరము కలిగించినది.

జీవి యేదైనను దాని శరీరము జీవకణములతో కట్టబడినది. కణము నడుమ కేంద్రకము. కణము రెండుగా చీలబోవునప్పుడు కేంద్రకములోని పదార్థము పొట్టిపొట్టి దారపుముక్కలవలె తేరుకొని సూక్ష్మదర్శినిలో కనబడును. రంగులను బాగుగా పీల్చుకొనునవి గనుక వీనికి 1888లో జర్మనుశాస్త్రజ్ఞుడు వాల్డేయర్ క్రోమోసోములని పేరు పెట్టెను. రంగుదేహములని దాని యర్థము. తల్లిదండ్రుల లక్షణములు బిడ్డకు సంక్రమించుటకు ముఖ్యాధారము ఇవియే. జొన్నకు 20 క్రోమోసోములు, వరికి 24, సజ్జకు 14, కొర్రకు 18, రాగికి 36. ఏ యూరి చేనిలోని జొన్నమొక్క వేరు పరీక్షించినను సాధారణముగా 20యే కనబడును.

ఈ 20 నిజమునకు పదేసి చొప్పున రెండు వరుసలు. ఒక వరుస తల్లినుండి వచ్చినది, ఒక వరుస తండ్రినుండి వచ్చినది. పుప్పొడిగాని అండముగాని తయారగునప్పుడు ఈ రెండు వరుసలును కోలాటమునకు జోడు కుదుర్చుకొన్నట్లు ఎదురెదురుగా నిలుచును. పిదప విడిపోయి చెరిసగ మగును. కనుక పుప్పొడిలో 10, అండములో 10. రెండును కలిసినచో మరల 20. తరతరములకు లెక్క చెడకుండుట కిదియే రహస్యము.

లెక్కించుట మాటలలో చెప్పినంత సులువు కాదు. పెరుగుచున్న వేరుకొనను కత్తిరించి, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లముల మిశ్రమములో నిలువయుంచి, రంగు పట్టించి, గాజుపలకల నడుమ బొటనవ్రేలితో నొక్కి పరచవలెను. అదృష్టము బాగున్నచో ఏ యొక్క కణములోనో క్రోమోసోములన్నియు విడివిడిగా పరుచుకొనును. లేనిచో చిక్కుపడిన నూలువలె నుండును. ఇందుకు దృష్టాంతము మనమే. మానవునికి క్రోమోసోములు 48 అని 1923లో అమెరికా శాస్త్రజ్ఞుడు పెయింటరు ప్రకటించెను. ముప్పదియేండ్లకు పైగా పాఠ్యపుస్తకములన్నియు ఆ మాటనే వల్లించినవి. 1956లో స్వీడను దేశమున లుండ్ నగరములో జో హిన్ త్యో, ఆల్బర్ట్ లెవాన్ అను నిరువురు కొత్త పద్ధతిని లెక్కించి, అవి 46 మాత్రమే యని తేల్చిరి. ఆ ఇరువురును మొక్కల క్రోమోసోములను లెక్కించి చేయి తిరిగినవారగుట గమనింపదగినది. మనుష్యుని లెక్కను సరిదిద్దిన నేర్పు ఉల్లివేళ్లమీద, గడ్డివేళ్లమీద అలవడిన నేర్పే.

ఆ స్వీడను దేశమందే అంతకు ఇరువదియేండ్లకు పూర్వము ఆర్నె మ్యూంట్సింగ్ అను శాస్త్రజ్ఞుడు ఒక కొండగడ్డిని పట్టుకొని కూర్చుండెను. దాని శాస్త్రీయనామము పోవా ఆల్పీనా. 1753లో లిన్నేయసు పెట్టిన పేరు. జానెడు, మహా పెరిగినచో మూరెడు ఎత్తు. ఆల్ప్స్ పర్వతములందు 3000 మీటర్లకు మించిన యెత్తున గూడ బ్రతుకును. స్కాండినేవియా, ఐస్‌లాండు కొండలపై నున్నది. ఉత్తర అమెరికాలో నున్నది. మన పశ్చిమ హిమాలయములందును గలదు. పశువులకు మేలైన మేత యని ఆల్ప్స్ పసులకాపరులు దీనిని గౌరవింతురు. చూపునకు ఏ విశేషమును లేని మొక్క.

దీని దగ్గరి చుట్టములందు క్రోమోసోముల వరుస ఏడేసిగా నుండును. గోధుమ వరుస గూడ ఏడే. 1918లో జపానుదేశపు సకమూరా గోధుమలలో మూడు మెట్లున్నవని చూపెను: ప్రాచీనపు గోధుమకు 14, గట్టిగోధుమకు 28, మన చపాతీ గోధుమకు 42. అనగా రెండు వరుసలు, నాలుగు వరుసలు, ఆరు వరుసలు. లెక్క పెరిగినది, కాని క్రమము తప్పలేదు. వరుసకు వరుసగా పెరుగు ఇట్టి స్థితిని బహుస్థితికత యందురు. పూవు కూరుపాటున మొత్తము క్రోమోసోములతో పుప్పొడినో అండమునో తయారుచేసినప్పుడు ఇట్టి పెరుగుదల సంభవించును.

కొండగడ్డిలో ఈ క్రమము కనబడలేదు. ఒకచోట తెచ్చిన మొక్కకు 28. మంచిది, ఏడు నాలుగులు. మరియొకచోట 42, ఏడు ఆరులు. కాని 33 గల మొక్కలున్నవి; 22, 37, 38 గలవియు నున్నవి. 33ను ఏ ఏడు భాగించును? అనేకదేశములందు అనేకులు లెక్కించిన పిమ్మట ఈ యొక్క జాతిలో ఇరువది మొదలు డెబ్బదికి పైచిలుకు వరకు నానావిధములైన సంఖ్యలు బయటపడినవి. ఒకే వాలున పక్కపక్క మొక్కలకు వేర్వేరు లెక్క లుండుటయు కలదు. దీని సోదరజాతి పోవా ప్రాటెన్సిస్‌లో 28 నుండి 140 వరకు కనుగొనిరి. మనుష్యులలో ఒక్క క్రోమోసోము ఎక్కువైనచో బిడ్డ ఆరోగ్యమంతయు మారిపోవుట వైద్యులకు తెలిసినదే. ఈ గడ్డి ఐదారు ఎక్కువైనను, పది తక్కువైనను ఏమియు ఎరుగనట్లు పచ్చగా నున్నది.

ఇచట సందేహము రావలెను. బేసిసంఖ్య గల మొక్క విత్తనము పట్టుట ఎట్లు? జోడు లేనివానితో కోలాటము చెడును గదా. మనము తిను అరటిపండ్లలో చాల రకములు పదునొకటేసి మూడు వరుసలు, మొత్తము 33 క్రోమోసోములు గలవి. మూడవ వరుసకు జోడు లేదు. పండులో గింజ లేకుండుటకు ముఖ్యకారణములలో ఇదియొకటి. రైతు పిలకలు తీసి నాటనిచో అరటితోటకు వంశము లేదు. కొండగడ్డికి పిలక తీసి నాటువా రెవరు?

1930 దశకమున మ్యూంట్సింగ్ పరిశోధనలు ఈ ముడిని విప్పినవి. ఈ గడ్డిలో కొన్ని వంశములు మామూలు మొక్కలవలె తల్లిదండ్రుల కలయికచే విత్తనము పట్టును. మరికొన్ని వంశములు ఆ మార్గమును విడిచినవి. అచట సగము క్రోమోసోములు గల అండము పక్కకు తప్పుకొనును. దాని పొరుగున నున్న సాధారణ కణమొకటి, మొత్తము క్రోమోసోములతోనే, ఆ స్థానము నాక్రమించి పిండమై పెరుగును. విత్తనము విత్తనమువలెనే యుండును, రాలును, మొలకెత్తును. కాని పుట్టిన మొక్క అచ్చముగా తల్లియే. శాస్త్రజ్ఞులు దీనిని అసంయోగ జననమందురు. జోడు కుదుర్చు పనియే లేదు గనుక 33 అయిన నేమి, 37 అయిన నేమి? కోలాటము మానుకొన్నవానికి బేసిసరి భేదము లేదు.

ఇందులో నొక చమత్కారము గలదు. తండ్రి యక్కరలేదని నిర్ణయించుకొన్న ఈ గడ్డికి పుప్పొడి మాత్రము కావలెను. పుప్పొడి పడనిచో గింజ ఊరదు. ఏలయనగా పిండమునకు ఆహారమైన అంకురచ్ఛదము, అనగా వరిగింజలో మనము అన్నముగా వండుకొను తెల్లనిభాగము వంటిది, పుప్పొడి తోడ్పాటు లేక తయారుకాదు. తండ్రి ఇంటికి బియ్యము పంపును. బిడ్డకు మాత్రము పేరు ఇయ్యడు. ప్రకృతిలో ఇంతకంటె వింత కాపురము నాకు తెలియదు.

మరి ఇన్ని సంఖ్యలు ఎట్లు పుట్టినవి? బిడ్డలన్నియు తల్లికి నకళ్లే యైనచో సంఖ్య మారరాదు. మారుటకు కారణము తలుపు పూర్తిగా మూసికొనకపోవుటయే. ఎప్పుడో ఒకప్పుడు, మొత్తము క్రోమోసోములతో సిద్ధముగానున్న అండములోనికి పుప్పొడి నిజముగనే ప్రవేశించును. అప్పుడు తల్లి మొత్తమునకు తండ్రి సగము చేరి లెక్క పైకెగబ్రాకును. ఎప్పుడో ఒకప్పుడు సగము లెక్క గల అండము పుప్పొడితో కలియకయే పెరిగి, లెక్క కిందికి దిగును. బేసిలెక్కల మొక్కల పుప్పొడిలో ఒక రేణువునకు ఎక్కువ, ఒకదానికి తక్కువ చేరును. ఇట్లు పుట్టిన కొత్తలెక్క మామూలుమొక్కలో నైనచో ఒక తరముతో అంతరించెడిది. ఇచట అసంయోగ విత్తనము దానిని పట్టి నిలిపి, నకలుమీద నకలు తీసి కొండయంతయు పరచును. ప్రమాదమున పుట్టినది వంశమై నిలుచుట కిదియే హేతువు.

గింజ పట్టుట గూడ శ్రమయే యని తలచిన వంశములు మరికొన్ని యున్నవి. మంచుకొండలమీద మంచు కరగి మరల కురియుటకు నడుమ ఎడము రెండు మూడు నెలలే. పూచి, గింజ పండి, రాలునంతలో మంచు పైబడునేమో యను భయము ప్రతి మొక్కకును గలదు. ఈ గడ్డిలో కొన్ని రకములు కంకిలో పూవులకు బదులు చిన్నచిన్న ఆకుపచ్చని పిల్లమొక్కలనే మోయును. వాని బరువునకు కంకి వంగి నేల నానును. తడి తగులగనే పిల్లమొక్క వేళ్లూనుకొనును. మన యరటిపిలక నేలలో పుట్టును, ఈ పిలక కంకిమీద పుట్టును; భేదమంతే. అయితే ఇందు నష్టము లేకపోలేదు. గింజ మంచికాలమునకై నేలలో వేచియుండగలదు. పిల్లమొక్క వేచియుండలేదు, ఆ యేడు బ్రతుకవలెను, లేదా చావవలెను.

ఇంకొక చిన్న విశేషము. ఈ గడ్డిలో మామూలు క్రోమోసోములతోపాటు కొన్ని మొక్కలలో అదనపు చిన్న క్రోమోసోములు గూడ నుండును. మొక్క బ్రతుకునకు ఇవి అవసరము కావు. ఇవి కంకిలో కనబడును. కాండమునుండి తరువాత పుట్టిన వేళ్లలో మాత్రము కనబడవు. వేరుకొనను కత్తిరించి లెక్క ముగించినవానికి ఇవి యున్నట్లే తెలియదు. ఒకే మొక్కలో వేరు ఒక సంఖ్య చెప్పును, పూవు వేరొక సంఖ్య చెప్పును. సాక్షుల నందరిని విచారింపక తీర్పు చెప్పరాదను న్యాయసూత్రము సూక్ష్మదర్శిని గదిలో గూడ వర్తించును.

ఈ గందరగోళమునకు కొండయే కారణమా? 1932లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హాగెరుప్, సహారా యంచున గల టింబక్టూ మొక్కలను పరీక్షించి, కఠినమైన వాతావరణమును క్రోమోసోముల వరుసలు పెరిగిన మొక్కలే బాగుగా సహించునని ప్రతిపాదించెను. ఉత్తరధ్రువము వైపు పోవుకొలది అట్టి మొక్కల పాలు పెరుగుటను ఇతరులు గూడ గమనించిరి. చలికి, ఎండకు తట్టుకొనుటకు ఎక్కువ క్రోమోసోములు ఎక్కువ దుప్పట్లవలె పనికివచ్చునని ఆ కాలమున పలువురు నమ్మిరి. వినుటకు సొంపుగా నున్నది. కాని సుగంధపు గడ్డి యొకటి ఈ సిద్ధాంతమునకు అడ్డు నిలిచినది. ఐరోపాలో ఎండుగడ్డికి కమ్మని వాసన తెచ్చు ఆంథోక్సాంథం అను గడ్డి యది. మైదానములలోని దానికి 20 క్రోమోసోములు. కొండమీది దానికి 10 మాత్రమే. చలిలో నున్నదానికి దుప్పటి తక్కువ, వెచ్చగానున్నదానికి ఎక్కువ!

అమెరికా శాస్త్రజ్ఞుడు లెడ్‌యార్డ్ స్టెబ్బిన్స్ చెప్పిన కారణము నాకు ఎక్కువ సమంజసముగా తోచును. హిమయుగములందు మంచుపలకలు పెరిగినప్పుడు ఒకే జాతి మొక్కలు చెల్లాచెదరై, దూరదూరపు ఆశ్రయములలో వేలయేండ్లు వేర్వేరుగా బ్రతికినవి. మంచు వెనుదీసిన పిమ్మట, ఖాళీనేలమీద ఆ విడిపోయిన దాయాదులు మరల కలిసినవి. అట్టి సంకరములందు జోడు సరిగా కుదరదు. వరుసలు రెట్టింపైనచో కుదురును, లేదా జోడే అక్కరలేని విత్తనము దారి చూపును. కనుక క్రోమోసోముల లెక్క చలిని కొలుచు థర్మామీటరు కాదు. ఆ మొక్క పూర్వులు ఎవరెవరితో కలిసిరో చెప్పు వంశవృక్షము.

మన హిమాలయములందును ఈ పని జరిగినది. పంజాబు విశ్వవిద్యాలయమున పి. ఎన్. మెహ్రా, ఆయన శిష్యులు పర్వతములెక్కి, గడ్డికంకులను సేకరించి, వందలాది జాతులకు లెక్కలు కట్టిరి. హిమాలయపు దిగువ కొండలనుండి మైదానములకు దిగినచో మనకు చిరపరిచితమైన గడ్డి యొకటి యెదురగును. అది రెల్లు. శరత్కాలమున గోదావరి లంకలలో తెల్లని వింజామరలు వీచు రెల్లే. దీనిలో 40 మొదలు 128 వరకు క్రోమోసోముల సంఖ్యలున్నవి. కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థకు చెందిన పాంజే, బాబు అను శాస్త్రజ్ఞులు 1960లో ప్రకటించిన వివరములనుబట్టి, అతితక్కువ సంఖ్యలు ఉత్తరభారతమునందును, పెద్దసంఖ్యలు తూర్పున ఇండోనీషియా వైపు, పడమట ఆఫ్రికా వైపును కనబడుచున్నవి.

ఈ రెల్లు విషయము మన నాలుకకు సంబంధించినది. కోయంబత్తూరు సంస్థ 1912లో వెలసినది. అచట బార్బరు, వెంకట్రామను గారలు లావైన తీపిచెరకును రెల్లుతో సంకరము చేసి కో 205 అను చెరకును సాధించిరి. 1918లో అది పంజాబు రైతుల చేతికి వచ్చినది. తీపిచెరకునకు 80 క్రోమోసోములు. కోయంబత్తూరు రెల్లునకు 64. చెరిసగముచొప్పున 40, 32 కలిసి బిడ్డకు 72 రావలెను. వచ్చినది 112! జావాలో పనిచేసిన బ్రెమెరు అను శాస్త్రజ్ఞుడు ఇందలి మర్మము వివరించెను. తల్లిచెరకు తన 80ని సగము చేయక మొత్తముగానే ఇచ్చినది. రెల్లు తన సగమైన 32 ఇచ్చినది. ఆల్ప్స్ కొండగడ్డి ఎప్పుడో పొరబాటున చేయు పనిని, చెరకు ఈ సంకరమునందు అలవాటుగా చేయుచున్నది. అదే సంస్థలో 1930 దశకమున పనిచేసిన జానకి అమ్మాళ్ గారు, ఆపై ఇంగ్లండునందు డార్లింగ్టనుతో కలిసి, సాగుమొక్కల క్రోమోసోముల సంఖ్యల నన్నిటిని ఒక గ్రంథముగా 1945లో ప్రకటించిరి. నేటి చెరకు రకములందు క్రోమోసోములలో సుమారు 10 నుండి 20 శాతము రెల్లునుండి వచ్చినవే. దృఢత్వమును, తెగుళ్లకు తట్టుకొనుటయు ఆ పాలివే. అనకాపల్లి బెల్లపు అచ్చులో గడ్డియింటి వాటా యింత యున్నదని గృహిణులు ఎరుగదగును.

కావుననే అడవిగడ్డిని పేరు చూచి భద్రపరచినచో చాలదు. రెల్లు యని చీటీ కట్టి ఒక సంచి గింజలు దాచినవారు 40 లెక్కదానిని దాచిరా, 64 దానినా, 112 దానినా? ఒక్కొక్కదాని గుణము వేరు. సంకరములో అది ఇచ్చు ఫలము వేరు.

కొండలలో ఈ చిక్కు మరింత గట్టిది. స్కీయింగు క్రీడకై, రహదారులకై ఆల్ప్స్ వాలులను చదును చేసినచోట నేల కోసుకొనిపోవుచున్నది. దానిని నిలుపుటకు పోవా ఆల్పీనా గింజలు చల్లుదురు. ఎక్కడి గింజలు? అసంయోగముచే వచ్చిన ఒక్క వంశపు గింజలే చల్లినచో వాలంతయు ఒకే మొక్క నకళ్లు. ఒక్క తెగులు చాలును. తల్లిదండ్రుల కలయికపై ఆధారపడు గడ్డి యైనచో అపాయము వేరొకరూపున వచ్చును. 10 క్రోమోసోముల కొండగడ్డి నడుమ 20 గలదానిని విరివిగా చల్లినారనుకొందము. తక్కువమందిగా నున్నదానికి తగని పుప్పొడియే ఎక్కువగా తగులును. దాని విత్తనములు తాలగును. కొన్ని తరములలో అది మాయమగును. అల్పసంఖ్యాకమునకు గల ఈ గతిని 1975లో డొనాల్డ్ లెవిన్ లెక్కలతో నిరూపించెను. మొక్కలజాబితాలో మాత్రము లోపమేమియు కనబడదు. గడ్డి పచ్చగా నున్నది. దాని జాతికి పుస్తకములో నొకే పేరు వ్రాసికొన్నవానికి ఆ పేరు చెక్కుచెదరదు.

వాతావరణము వేడెక్కుచుండగా మొక్కలు పైపైకి ప్రాకుచున్నవి. ఐరోపాలో 302 శిఖరములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిన దానినిబట్టి, 1957–1966 నడుమ కంటె 2007–2016 నడుమ శిఖరములపైకి కొత్తజాతులు చేరుట ఐదురెట్లు హెచ్చినది. దిగువ గడ్డియు ఎగువ గడ్డియు ఇదివరకు లేనిచోట్ల పొరుగువారగుచున్నవి. అట్టి పరిశీలనలలో లెక్కించునది జాతుల పేర్లను, క్రోమోసోములను కాదు. ఎవరు ఎవరిని తోసివేయుచున్నారో పేర్లు చెప్పలేవు.

పని పూర్వమంత కష్టము కాదిప్పుడు. ఆకుముక్కను నలిపి, కేంద్రకములకు రంగు పట్టించి, ఒక్కొక్కటిగా లేజరు కాంతి ముందునుండి ప్రవహింపజేయు యంత్రములు వచ్చినవి. అవి క్రోమోసోములను లెక్కపెట్టవు. కేంద్రకములోని వారసత్వ పదార్థము ఎంతయో తూచి చెప్పును. దానినిబట్టి వరుస లెన్నియో తెలియును. ఒక్క క్రోమోసోము హెచ్చుతగ్గులు తేల్చుటకు మాత్రము నేటికిని వేరుకొన, గాజుపలక, బొటనవ్రేలు కావలసినదే. ఎన్నడో సేకరించి కాగితములకు అంటించిన ఎండుమొక్కలనుండి గూడ కొంత రాబట్టవచ్చును. వరుసలు పెరిగినచో కణములు పెద్దవగును, ఆకుమీది పత్రరంధ్రములును పొడవగును. నూరేండ్లక్రిందటి ఎండుటాకుపై ఆ రంధ్రముల పొడవు కొలిచి, నేడు అదే వాలుమీద కోసిన ఆకుతో పోల్చినచో, నడుమ ఏ లెక్క గల గడ్డి స్థానమున ఏది వచ్చినదో ఊహింపవచ్చును.